చిత్రగుప్తుడి చేతిరాత

చిత్రగుప్తుడికి పాపం అంటుతుందా అన్న సందేహం మాలకొండయ్యను ఇరవై ఆరేళ్లుగా పీడిస్తోంది.

తీర్పు చెప్పేది యముడు. పాశం వేసేది భటులు. మధ్యలో కూర్చుని పేరు రాసేవాడు చిత్రగుప్తుడు. ఆయన ఎవరినీ కొట్టడు, తిట్టడు. రాయమన్నది రాస్తాడు. ఆ రాతలో తప్పు దొర్లితే ఆ పాపం ఎవరి పద్దులో పడుతుంది? చిత్రగుప్తుడి పద్దులోనే అనుకుందాం. ఆ పద్దు రాసేది ఎవరు? మళ్లీ ఆయనే కదా!

శనివారం ఒక్కరోజే తెరిచే మాలకొండ నరసింహస్వామి గుడికి మాలకొండయ్య వారం తప్పకుండా వెళతాడు. ఒకసారి పూజారిని అడిగేశాడు. "జీతానికి చేసే పనికి పాపం ఉండదు నాయనా" అని ఆయన తీర్థం పోశాడు. మెట్లు దిగుతుంటే ఇంకో సందేహం వచ్చింది. చిత్రగుప్తుడికి జీతం ఎవరిస్తారు? ఇంటికొచ్చి భార్య సుబ్బరత్తమ్మను అడిగాడు. "ఆయనకు పీఆర్సీ వచ్చిందో లేదో కనుక్కోండి. ఆ తర్వాత పాపం సంగతి చూద్దాం" అని ఆమె చాట చేతికిచ్చింది.

మాలకొండయ్య చినగుండ్లపాడు జిల్లా పరిషత్ హైస్కూల్లో గుమాస్తా. ఆయన అక్షరాలు అచ్చు గుద్దినట్టుంటాయి. ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా శుభలేఖల మీద పేర్లు ఆయనే రాయాలి. ఆ చేతితోనే, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఒక మాట రాశాడు.

ఆ ఏడు బడి ఇత్తడి గంట కనపడకుండా పోయింది. పదో తరగతి పోలేరయ్య గంట దగ్గర నిలబడి ఉండగా తాను చూశానని అప్పటి హెడ్మాస్టరు అన్నాడు. నిలబడ్డ మాట నిజమే. గంట కొట్టే పని ఆ పిల్లవాడిదే. కానీ వాడిది ఎరుకల కాలనీ. ఇంకో రుజువు ఎవరూ అడగలేదు. టీసీలో నడవడి అన్నచోట 'సందేహాస్పదం' అని రాయమన్నారు. మాలకొండయ్య గుండ్రంగా రాశాడు. ఎనిమిది నెలల తర్వాత జెండా పండగ సామాన్లు తీస్తుంటే వాటి కింద గంట దొరికింది. గంటను మళ్లీ వేలాడదీశారు. మాటను మాత్రం తియ్యలేదు. రిజిస్టరులో ఎక్కిన మాటను పై ఉత్తర్వు లేకుండా కొట్టెయ్యకూడదు.

పోలేరయ్య రెండుసార్లు పోలీసు సెలక్షన్లకు పోయాడు. రెండుసార్లూ పరుగులో అందరికంటే ముందొచ్చి, ఆ కాగితం చూపించి, ఇంటికి తిరిగొచ్చాడు. ఇప్పుడు బస్టాపు దగ్గర టైలరు. మాలకొండయ్య చొక్కాలన్నీ ఆయనే కుడతాడు. ఇరవై ఏళ్లుగా మెడ కొలత తీస్తున్నాడు గానీ ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిడితే బాగుండునని ప్రతి కొత్త చొక్కాకూ మాలకొండయ్యకు అనిపించేది.

ఇలా ఉండగా ఒక జులై నెలలో బడికి సర్క్యులరు వచ్చింది.

రాజధానిలో పెద్దలెవరో విదేశాల్లో సదస్సుకు వెళ్లొచ్చారట. జర్మనీలో నాజీలు అరవై లక్షల మంది యూదులను ఎలా చంపారో, ఆ హోలోకాస్ట్ చరిత్రను పిల్లలకు చెబితే, తోటివాణ్ణి చిన్నచూపు చూడటం, ఏడిపించడం తగ్గుతుందని అక్కడ విన్నారట. మంచి మాటే. మాలకొండయ్యకు చదవగానే నచ్చింది. 'హోలోకాస్ట్ బోధన ద్వారా సమగ్ర వివక్షా నిర్మూలన మరియు వేధింపుల నివారణ మిషన్' అని దానికి పేరు పెట్టారు. పాఠానికి పన్నెండు పీరియడ్లు. నివేదికలు ముప్పై నాలుగు.

మొదటి నివేదికలో, పాఠం చెప్పకముందు బడిలో వివక్ష ఎంత శాతం ఉందో తెలపాలి.

"సున్నా అని రాయవయ్యా" అన్నాడు హెడ్మాస్టరు హయగ్రీవరావు. "ఉందని రాస్తే నా మెడకే చుట్టుకుంటుంది."

మాలకొండయ్య సున్నాను గుండ్రంగా చుట్టి పంపాడు. వారానికి తిరుగు జవాబు వచ్చింది.

'సున్నాను తగ్గించుట గణితరీత్యా సాధ్యం కానందున, సదరు పాఠశాల మిషన్ స్ఫూర్తికి విఘాతం కలిగించుచున్నట్లు భావించవలసి వచ్చును. ప్రతి పాఠశాల కనీసం పది శాతం వివక్షను చూపవలెను. సంవత్సరాంతమునకు దానిని తగ్గించి చూపవలెను.'

ఆ వెనకే జిల్లా సమన్వయాధికారి ప్రభంజన్ గారు జీపులో దిగాడు. స్టాఫ్ రూములో ఫారాలు పరిచి గొంతు సవరించుకున్నాడు.

"వివక్షకు గురవుతున్న విద్యార్థులను ఇకమీదట లబ్ధిదారులు అని వ్యవహరించవలసి ఉంటుంది. వివక్ష చూపేవారిని దాతలు అనాలి."

సోషల్ టీచరు షంషాద్ లేచింది. "వివక్షలో లబ్ధేముంది సార్?"

"మేడమ్, ప్రభుత్వ జాబితాలో పేరున్న ప్రతివాడూ లబ్ధిదారుడే."

"అయితే ఒకటి రాసుకోండి. మధ్యాహ్నం అన్నాలప్పుడు కాలనీ పిల్లలు కుళాయి పక్కన వేరే వరసలో కూర్చుంటుండారు."

ప్రభంజన్ గారు ఫారాలన్నీ తిరగేశాడు. "ఎప్పటినుంచి?"

"బడి కట్టినప్పటినుంచి."

"అయితే అది వివక్ష కాదు మేడమ్, అలవాటు. అలవాటుకు కాలమ్ లేదు."

బడిలో నాలుగు వందల పది మంది. పది శాతమంటే నలభై ఒక్కరు. హెడ్మాస్టరు న్యాయంగానే మొదలుపెట్టాడు. లావుగా ఉన్నవాళ్లను, కళ్లజోడు వాళ్లను, నత్తి వాళ్లను రాయించాడు. తెల్లారేసరికి రైసుమిల్లు ఓనరు గేటు దగ్గరున్నాడు.

"మావోడు లావేందయ్యా? నీ కళ్లు మండ! దిట్టంగా ఉండాడు. పేరు కొట్టెయ్!"

కొట్టేశారు. మధ్యాహ్నం కళ్లజోడు పిల్ల మేనమామ వచ్చాడు. అదీ కొట్టేశారు. ఒక పేరు కొట్టేసినప్పుడల్లా లెక్క తగ్గకుండా ఇంకో పేరు రాయాలి. పొద్దున్నే కూలికి పోయి పొద్దుగూకినాక ఇల్లు చేరే తల్లిదండ్రులైతే అడగడానికి బడికి రాలేరు. అలా కొట్టేస్తూ రాస్తూ పోగా నలభై ఒక్క పేర్లూ స్థిరపడ్డాయి. ముప్పై ఎనిమిది కాలనీవి, మూడు హాస్టలువి. వాటిలో పదిహేడో పేరు ఎనిమిదో తరగతి భార్గవిది. పోలేరయ్య కూతురు.

జాబితా నాలుగు కాపీలు మాలకొండయ్యే రాశాడు. ఒక్క కొట్టివేత లేదు.

రెండో ఉత్తర్వు పట్టీల గురించి. 'లబ్ధిదారులను తక్షణం గుర్తించి కరుణ చూపుటకు వీలుగా' ప్రతివాడి ఎడమ రొమ్ము మీద మూడు వేళ్ల వెడల్పు గుడ్డపట్టీ ఉండాలి. ఏ రంగో రాయలేదు. హయగ్రీవరావు రోజంతా తల పట్టుకున్నాడు.

"ఏ రంగు చూసినా ఏదో ఒక పార్టీది. నలుపేద్దామంటే అశుభం. ఏం చేద్దామయ్యా?"

"తెల్లగుడ్డ తెచ్చి వంటింటి పసుపులో ముంచితే సరి" అన్నాడు మాలకొండయ్య. "అప్పుడది రంగు కింద లెక్కకు రాదు సార్. శుభం కింద లెక్క."

"నిన్ను గుమాస్తాగా పడేశారు గానీ నువ్వు కలెక్టరువయ్యా!"

మాలకొండయ్య పొంగిపోయాడు. ఇంట్లో కొమ్ము పసుపు దంచి, నరసింహస్వామిని తలుచుకుని, గుడ్డ మూడుసార్లు ముంచి ఆరేశాడు. పిల్లల మేలు కోసం చేసే పని గదా. వేళ్లకు పట్టిన పసుపు సబ్బుతో రుద్దినా పోలేదు. గుడ్డ పట్టుకుని పోలేరయ్య దగ్గరికి పోయాడు.

"నలభై ఒక్కటా? ఎవురికయ్యా?"

"లబ్ధిదారులకు. మీ భార్గవి పేరు కూడా ఉండాది."

పోలేరయ్య మిషను ఆపాడు. "ఏమొస్తాదయ్యా దీనికి? స్కాలర్‌షిప్పా?"

"కాదు."

"బియ్యమా?"

"కాదు. కరుణ."

పోలేరయ్య సూదిలో దారం ఎక్కించుకుంటూ అన్నాడు. "మా తాత కాలంలో మావోళ్లను రోజూ రాత్రి ఠాణాకు పిలిచి, పేరు పేరునా హాజరేసుకునేవాళ్లంట. దొంగతనం చేసినా చెయ్యకపోయినా. అప్పుడు పట్టీ మాత్రం లేదంట." దారం కొరికి, "రేపు తీసకపోండి" అన్నాడు.

పట్టీలు పెట్టారు. వారం గడిచింది. కొత్త చిక్కొచ్చింది. లబ్ధిదారులు తయారైనా వాళ్లను ఎవరూ ఏడిపించడం లేదు. రెండో నివేదికకు పదిహేను వేధింపులు చూపాలి. హెడ్మాస్టరు ప్రార్థన తర్వాత మైకు అందుకున్నాడు.

"శుక్రవారం తనిఖీ ఉంది. ఇట్టా గమ్మున కూర్చుంటే బడి పరువేం గావాల? రోజుకు ముగ్గురన్నా కాస్త ఏడిపించండ్రా!"

తొమ్మిదో తరగతి లీడరు చెయ్యెత్తాడు. "ఎట్టా ఏడిపియ్యాల సార్?"

"అది కూడా నేనే చెప్పాల్నా? డ్రిల్లు సార్, మీరు చేసి చూపియ్యండి."

డ్రిల్లు సారు ఒక లబ్ధిదారుణ్ణి ముందుకు పిలిచాడు. ఏమనాలో తోచక, "ఏరా, అన్నం తిన్నావా?" అని గద్దించాడు. వాడు తిన్నానన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నిజానికి అంత కష్టపడనక్కర్లేదు. తర్వాతి పనంతా పట్టీయే చూసుకుంది. రక్షణ కోసమని లబ్ధిదారులకు వేరే బెంచీలు వేశారు. బెంచీలు వేరయ్యాక మంచినీళ్ల వరస వేరైంది. వరస వేరయ్యాక బంతి వాళ్ల వైపు పోతే ఎవరూ తెచ్చుకోవడం మానేశారు. పదో రోజుకు 'పట్టీగాడు' అన్న మాట పుట్టింది. నెల తిరిగేసరికి అరవై రెండు వేధింపులు నమోదయ్యాయి. ఆ సంఖ్య విని ప్రభంజన్ గారు ఫోనులో పరవశించిపోయాడు.

"అద్భుతమండీ! ఇన్నాళ్లకు తగ్గించడానికి సరుకు చేకూరింది!"

"సార్, పాఠం ఎప్పుడు మొదలుపెట్టమంటారు?" షంషాద్ టీచరు ఫోను లాక్కుని అడిగింది.

"ఆ పన్నెండు పీరియడ్లూ ఫారాలు నింపడానికి సరిపోయాయి కదా మేడమ్. బోధన జరిగినట్లుగానే భావించవచ్చును."

షంషాద్ టీచరు ఫోను పెట్టేసి, ఒక పుస్తకం తెచ్చి మాలకొండయ్య బల్ల మీద తెరిచింది. పాఠం కోసం ఆమె సొంతానికి తెప్పించుకున్న బొమ్మల పుస్తకం. ఒక ఫొటోలో తల్లీ బిడ్డా నిలబడి ఉన్నారు. ఇద్దరి కోట్ల మీదా ఎడమ రొమ్ము దగ్గర నక్షత్రం ఆకారంలో ఒక గుడ్డముక్క ఉంది.

"ఇదేంది టీచరమ్మా?"

"యూదులని గుర్తుపట్టేదానికి కుట్టించారు. ఫొటో పాతది, అందులో రంగు కనపడదు."

"ఏం రంగు?"

"పసుపు."

మాలకొండయ్య చేతులు బల్ల కిందికి దించుకున్నాడు. వెలిసిన పట్టీలను నిన్ననే మళ్లీ ముంచాడు, వేలి గోళ్ల పక్కన పసుపు ఇంకా పోలేదు.

ఆమె ఇంకో పేజీ తిప్పింది. అది ఒక జాబితా. వరస నంబరు, పేరు, పుట్టిన తేదీ, ఊరు. గీతలు తిన్నగా ఉన్నాయి. ఒక్క అక్షరం చెరగలేదు. గుమాస్తా ప్రాణం ఊరుకోలేదు. "ఎవరు రాశారోగానీ ఎంత శుభ్రంగా రాశారు!" అనేశాడు.

"వీళ్లను రైలెక్కించారు మాలకొండయ్య గారూ. తిరిగొచ్చినోళ్లు తక్కువ." ఆమె గొంతు మెల్లగా ఉంది. "అరవై లక్షల మంది. ఒక్కడు చంపగలడా? ఎవురో ఒకరు కూర్చొని పేర్లు రాయాల గదా."

పూజారిని అడిగిన ప్రశ్నకు ఇక్కడ ఎవరూ తీర్థం పొయ్యలేదు. ఆ రాత్రి మాలకొండయ్యకు నిద్ర పట్టలేదు.

ఆఖరి ఉత్తర్వు నవంబరులో వచ్చింది. 'లబ్ధిదారుల పట్ల కరుణ జీవితాంతం కొనసాగవలెనను సదుద్దేశముతో, సదరు గుర్తింపును అడ్మిషన్ రిజిస్టరులో నడవడి ఎదుట చెరగని సిరాతో నమోదు చేసి, టీసీలందు తప్పక చూపవలెను.' సమన్వయాధికారి సమక్షంలో శుక్రవారం రాయాలి.

గురువారం సాయంత్రం భార్గవి ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడింది.

"సార్, టీసీలో రాస్తారంట గదా."

"ఉత్తర్వమ్మా."

"మా నాయన టీసీ ట్రంకుపెట్టెలో ఉండాది. నేను చదివినా. అక్షరాలు భలే గుండ్రంగా ఉంటాయి." ఆ పిల్ల కళ్లలో కోపం లేదు. అదే మాలకొండయ్యకు భరించడం కష్టమైంది. "నాది కూడా మీరే రాస్తారా సార్?"

ఆయన చేతిలోని పెన్నుకు మూత పెట్టాడు. ఆ పిల్ల అది చూసి వెళ్లిపోయింది.

శుక్రవారం హెడ్మాస్టరు గదిలో రిజిస్టరు తెరిచారు. పక్కన ఎర్ర సిరా. ఎదురుగా ప్రభంజన్ గారు, ఫొటో తియ్యడానికి ఆయన డ్రైవరు. షంషాద్ టీచరు గోడకు ఆనుకుని నిలబడింది. మాలకొండయ్య పెన్ను తీసి, మళ్లీ కింద పెట్టాడు.

"సార్, ఒక చిన్న అనుమానం."

"అడగండి."

"లబ్ధిదారులు నలభై ఒక్కరు ఉండారు. దాతల కాలమ్ ఖాళీగా ఉండాది. దాత లేకుండా లబ్ధి ఎట్టా చేరిందని ఆడిట్ వాళ్లు అడగరా?"

ఆడిట్ అనగానే ప్రభంజన్ గారు నిటారుగా కూర్చున్నాడు. "ఆ కాలమ్ ఎందుకు నింపలేదండీ?"

"ఎట్టా నింపేది సార్?" హయగ్రీవరావు మొరపెట్టుకున్నాడు. "ఎవురి పేరు రాసినా వాళ్ల నాయన కర్ర తీసుకొని వస్తాడు."

"ఒక పేరుంది సార్" అన్నాడు మాలకొండయ్య. "ఆధారం కూడా ఉంది."

ఆయన పెన్ను తీసి దాతల కాలమ్‌లో మొదటి వరసలో తన పేరు రాశాడు. ఇంటిపేరు, హోదా, ఉద్యోగంలో చేరిన తేదీతో సహా. ఇరవై ఆరేళ్ల నాటి రిజిస్టరు బీరువాలోంచి తెచ్చి పరిచాడు. 'సందేహాస్పదం'. సిరా వెలిసింది గాని మాట వెలవలేదు. గంట మాయమైన రోజు రాసిన కాగితం, గంట దొరికిన రోజు రాసిన కాగితం, రెండూ అదే పేజీలో గుండుసూదితో గుచ్చి ఉన్నాయి. పోయిందన్న గంట కిటికీ అవతల వేలాడుతోంది.

ప్రభంజన్ గారి పెదవులు కదులుతున్నాయి. ఆయన లెక్క కడుతున్నాడు.

"అంటే... ఈ పాఠశాలలో ఆధార సహితంగా రుజువైన వివక్ష ఇది ఒక్కటే?"

"ఒక్కటే సార్. ఆ నలభై ఒక్కటీ నోటిమాట. ఆడిట్‌లో నిలవవు. దీనికి సంతకముంది, సీలుంది, తేదీ ఉంది."

"దీన్ని సవరిస్తే తగ్గుదల..."

"నూటికి నూరు సార్."

ప్రభంజన్ గారు లేచి నిలబడ్డాడు. "నూరు శాతం! రాష్ట్రంలోనే ప్రప్రథమం!"

ఇరవై ఆరేళ్లుగా దొరకని పై ఉత్తర్వు నాలుగు నిమిషాల్లో తయారైంది. నలభై ఒక్క పేర్లను 'లేఖన దోషము'గా తొలగించారు. పట్టీలు విప్పించి, లెక్కపెట్టి, సంచిలో కట్టి సీలు వేశారు. మిషన్ తరఫున బడికి ప్రశంసాపత్రం ప్రకటించారు.

"కాకపోతే దాతపై చర్య లేకుండా తగ్గుదల చెల్లదు" అన్నాడు ప్రభంజన్ గారు. "వారికి ఒక మెమో ఇవ్వవలసి ఉంటుంది."

"నా రాత ఎవురికీ అర్థం కాదు" అన్నాడు హయగ్రీవరావు ఇబ్బందిగా. "మాలకొండయ్యా, నువ్వే రాసెయ్, సంతకం పెడతా."

మాలకొండయ్య తన మెమో తానే రాసుకున్నాడు. చిత్రగుప్తుడి పద్దు ఎవరు రాస్తారన్న సందేహం అప్పటితో తీరింది.

"ఇప్పుడన్నా పాఠం చెప్పుకోవచ్చా సార్?" షంషాద్ టీచరు జీపు దాకా వచ్చి అడిగింది.

"లక్ష్యం సాధించిన పాఠశాలలో బోధన అనవసరం మేడమ్."

జీపు మలుపు తిరగ్గానే ఆమె ఎనిమిదో తరగతి కుట్టుపని పీరియడ్లోకి వెళ్లి, ఆ పుస్తకం తెరిచింది.

ఆ మధ్యాహ్నం మాలకొండయ్య క్యారియరు తీసుకుని కుళాయి పక్క వరసలో పిల్లల మధ్య చతికిలబడ్డాడు. హెడ్మాస్టరు వరండాలోంచి కేకేశాడు.

"అదేందయ్యా, అక్కడ కూర్చున్నావు?"

"అలవాటు చేసుకుంటుండాను సార్."

శనివారం. గుడి తెరిచే రోజు. మాలకొండయ్య కొండకు పోయే బస్సు వదిలేసి టైలరు కొట్టు ముందు ఆగాడు. లోపల పోలేరయ్య గుడ్డ కత్తిరిస్తున్నాడు. భార్గవి గుండీలు కుడుతోంది.

"చొక్కా కొలతా అయ్యా?"

"కాదు పోలేరయ్యా. నీదొకటి నా దగ్గర ఉండిపోయింది." ఆయన సంచిలోంచి కవరు తీసి రెండు చేతులతో ఇచ్చాడు. "చాలా ఆలస్యమైంది."

పోలేరయ్య కత్తెర కింద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని, కాగితం విప్పాడు. పేరు చూడలేదు, పుట్టిన తేదీ చూడలేదు. వేలు నేరుగా కిందికి జారి ఒకచోట ఆగింది.

"నాకిప్పుడు నలభై రెండయ్యా. ఏ సెలక్షనుకు పోవాల?"

మాలకొండయ్య తల వంచుకున్నాడు.

పోలేరయ్య కాగితాన్ని కూతురి వైపు జరిపాడు. "ఏంది రాసుండాదో చదువు పాపా. బజారుకు వినపడాల."

భార్గవి లేచి నిలబడి చదివింది.

"నడవడి, మంచిది."

"ఇంకోసారి" అన్నాడు పోలేరయ్య.